యాదమ్మగారి చేతులు

ఇన్నేళ్లుగా ఈ మాటను మింగలేక, కక్కలేక ఉన్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తెలంగాణ ఉద్యమం రోజులు. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో యాదమ్మగారింట్లో అద్దెకుండేవాళ్లం. ఆవిడది నల్లగొండ దగ్గర పల్లె. మా పాపకు రెండున్నరేళ్లు. వేరుశనగ పడదు. ఒకసారి పెదాలు వాచి, ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాక తిండంటేనే బెదిరిపోయింది. గిన్నె కనబడితే నోరు బిగించేది. తినడం అలవాటు చేయించడానికి ఎల్బీనగర్‌లో ఒక థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. ముట్టుకోనివ్వండి, వాసన చూడనివ్వండి, తనంతట తాను నోరు తెరిచేదాకా ఆగండి అనేది ఆ అమ్మాయి. నెలల తరబడి ఆగాను. పాప యాదమ్మగారు కలిపిన పెరుగన్నం మాత్రం నాలుగు మెతుకులు తినేది. నేను పెడితే లేదు. కుళ్లుకున్నాను. అవును, కుళ్లే.

ఆ రోజు బంద్. థెరపీ లేదు. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. ఎండ తెల్లగా పరుచుకుని ఉంది, నినాదాలు ఎక్కడో కలలో విన్నట్టు వినిపిస్తున్నాయి. పాపా, మా ఆయనా నిద్రపోతున్నారు కదా అని, ఇంట్లో మానేసిన పల్లీ చట్నీ నా కోసం ఇంత చేసుకుని, గుమ్మంలో కూర్చుని ఇడ్లీ తింటున్నాను. ఎప్పుడు లేచిందో, వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసింది. పళ్లెంలోకి చూసింది. నోరు తెరిచింది.

లోపలికెళ్లి వేరే ఇడ్లీ తేవచ్చు. తెచ్చేలోగా ఆ నోరు మూసుకుపోతే? ముక్క తుంచాను. అంచుకు చట్నీ అంటి ఉంది. చూశాను. ఇంత చుక్కకు ఏమవుతుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అలా అనుకోవాలనిపించిందా? పెట్టేశాను. నమిలి, మింగి, నవ్వింది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

కాసేపటికే పెదాలు వాచాయి. ఆటోలు లేవు. యాదమ్మగారు పాపను భుజాన వేసుకుని ఊరేగింపులోకే పరుగెత్తింది. జెండాలు పట్టుకున్నవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. వెనక నేనూ, మా ఆయనా.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ పడ్డాక పాప తేరుకుంది. "ఏం పెట్టారు?" అని డాక్టరు అడిగాడు.

నేను నోరు విప్పేలోపే యాదమ్మగారు అంది: "పొద్దుగాల సర్వపిండి చేసిన సారూ. అండ్ల పల్లీలేసిన. చెయ్యి మంచిగ కడుక్కున్ననో లేదో, బిడ్డనెత్తుకున్న... నా చెయ్యే అంటిందేమో."

"ఎన్నిసార్లు చెప్పామండీ మీకు!" అన్నాడు మా ఆయన.

నేను నోరు బిగించుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన, "వీళ్లకెంత చెప్పినా అంతే" అన్నాడు. ఆ రోజుల్లో వాళ్లూ మేమూ అనే మాట గాల్లోనే ఉండేది. నేను దాని చాటున దాక్కున్నాను. ఆయనకు భయపడా? కాదు. నా చేత్తో మళ్లీ తిన్న తొలి ముద్దే పాప ప్రాణం మీదికి తెచ్చిందని ఒప్పుకోలేక.

ఆ తర్వాత పాప చేతులు చాస్తే యాదమ్మగారు కొంగుకు చేతులు తుడుచుకుంటూ, "ఒద్దు బిడ్డా, నా చెయ్యి మంచిది గాదు" అనేది. గదిలోంచి వినేదాన్ని. నెల తిరక్కుండా ఇల్లు మారాం.

పాప పెద్దదైంది. చిన్నప్పుడు ఓనరమ్మ చెయ్యి అంటి తనకలా అయిందని స్నేహితులకు చెబుతుంది. నేను పక్కనే ఉంటాను. ఆవిడ ఇప్పుడెక్కడుందో తెలీదు. ఏ పసిబిడ్డ చేతులు చాచినా ఇంకా వెనక్కి జరుగుతోందేమో.

యాదమ్మగారూ, మీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. పెట్టింది నేను.