పాదాల పసుపు

శంషాబాద్‌లో మా కిరాయి ఇంటి మీదుగా విమానం పోయినప్పుడల్లా అరలో గిన్నెలు కదిలేవి. మా ఆయనకు ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని, ఎక్కువగా రాత్రి డ్యూటీ. పొద్దున ఇంటికి రాగానే టీ కూడా తాగకుండా నా పాదాలు చూసేవాడు. ఏడో నెల పొట్టతో నా పాదాలు నాకు కనబడవు కదా.

పెళ్లికి ముందు నాకొక అరుదైన రక్తం జబ్బు వచ్చి తగ్గింది. ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి పడిపోతాయి. ఆ మాట అనగానే అందరూ డెంగ్యూ అనుకుంటారు, అది కాదు. కడుపుతో ఉన్నప్పుడు తిరగబెట్టవచ్చని, చీలమండల దగ్గర సూదితో గుచ్చినట్టు ఎర్ర చుక్కలు కనిపిస్తే వెంటనే రమ్మని, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. మా అత్తకు మాత్రం చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తలుచుకుంటే అమ్మ మీద ఒళ్లు మండేది.

సీమంతం రోజు బుద్వేల్ నుంచి అత్త తరఫు వాళ్లంతా దిగారు. మా ఆయన డ్యూటీ నుంచి రాకముందే ముత్తైదువలు నా పాదాలకు పసుపు రాసేశారు. రాయడమంటే మామూలుగా కాదు, గోడకు సున్నం వేసినట్టు. పీట మీద కూర్చోబెట్టి గాజులు తొడుగుతుంటే, పొద్దున పళ్లు తోముకున్నప్పుడు చిగుళ్ల నుంచి వచ్చిన రక్తమే గుర్తొస్తోంది. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. అంత ఒంటరిగా ఎన్నడూ లేను.

ఇక ఆగలేక లేచి, బాత్రూంలోకి పోయి కాళ్ల మీద బకెట్ నీళ్లు కుమ్మరించుకున్నాను.

"పిచ్చి లేసిందా నీకు? మంచిగుండాలని పెట్టిన పసుపు కడుగుతవా?" గుమ్మంలో నిలబడి అత్త అరిచింది.

"అమ్మా, జర నా కాళ్లు చూడు," అన్నాను, అత్త వెనకాలే వచ్చిన మా అమ్మతో.

అమ్మ వంగి, కొంగుతో తుడిచి చూసింది. చీలమండల దగ్గర ఎర్ర చుక్కల మీద వేలు పెట్టి నొక్కింది. చీమలు కుట్టినయేమో అంటుందనుకున్నాను. అత్త వైపు తిరిగింది.

"వదినా, ఆటో పిలువు. దవాఖానకు పోవాలె. నా బిడ్డకు రక్తం జబ్బున్నది. నేనే దాచిపెట్టిన."

ఆటోలో వాళ్లిద్దరి మధ్య కూర్చున్నాను. అత్త ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. ఎవరికి చెప్పాలో తెలియక, నా చేత్తో నేనే తడుముకున్నాను.