తల్లీకూతుళ్ల మధ్య సీటు

నా చిన్నప్పుడు, ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా పక్క రైల్వే క్వార్టర్లో ఒక తల్లీ కూతురూ నా నోటితో మాట్లాడుకునేవారు. పక్కింటి అక్క గొప్పగా పాడేది. నగలు అమ్మి తనకు పాట నేర్పించిన తల్లికి చెప్పకుండా నాటకాల వాళ్లతో కలకత్తా వెళ్లిపోయింది. రెండేళ్లకు గొంతు పాడైపోయి తిరిగొచ్చింది. వాళ్లమ్మను నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆవిడ కూతుర్ని ఇంట్లోకి రానిచ్చింది, అన్నం పెట్టింది, మాట మాత్రం మానేసింది. "ఒలే గుంటా, అన్నం సల్లారిపోతందని దానికి సెప్పు" అనేది, అక్క రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉండగా.

నాకు అమ్మ లేదు. నాన్న పొద్దున్న వర్క్‌షాపు సైరన్‌కి వెళ్తే మళ్లీ సాయంత్రం సైరన్ తర్వాతే ఇల్లు చేరేవాడు. రోజంతా నన్ను పేరు పెట్టి పిలిచే ఇల్లు అదొక్కటే. వాళ్ల గొడవ తీరకపోతే బాగుణ్ణని ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

ఒక ఆదివారం మధ్యాహ్నం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బెంగాలీ సినిమా వేస్తే ముగ్గురం వెళ్లాం, నేను వాళ్లిద్దరి మధ్యా కూర్చున్నాను. జమీందార్ల కాలం నాటి కథ. పేదతల్లి కష్టపడి కూతుర్ని గాయనిని చేస్తుంది, కూతురు తాగుడికి అలవాటుపడి అన్నీ పోగొట్టుకుంటుంది. ఆ ఊళ్లో ముప్పయ్యేళ్లున్నా పెద్దమ్మకు బెంగాలీ పట్టుబడలేదు. నాకు కొట్లో బేరమాడేంత వచ్చు. అందుకని అక్క నా చెవిలో తెలుగులో చెప్పేది, నేను ఇటు తిరిగి పెద్దమ్మకు అప్పజెప్పేదాన్ని.

చివర్లో గాయని తల్లి గుమ్మం ముందు వానలో నిలబడింది. తలుపు మూసి ఉంది. మాటల్లేవు, సితార్ ఒక్కటే మోగుతోంది. అయినా అక్క నా చెవిలో చెబుతూనే ఉంది. "అమ్మా, నీకు సెప్పకుండా ఎల్లడం నాదే తప్పు. పాట ఎలాగూ పోయింది. నువ్వూ మాటాడకపోతే నానెలా బతికీది, అంటంది."

తెర మీద ఆ అమ్మాయి పెదవులు కదలడం లేదని నాకు కనబడుతూనే ఉంది. ఎనిమిదేళ్ల దాన్నయినా అవి అక్క సొంత మాటలని అర్థమైంది. ఇది చెప్పేస్తే ఇక నన్నెవరు పిలుస్తారు అనిపించింది. అయినా ఒక్క మాటా వదలకుండా చెప్పేశాను.

పెద్దమ్మ తెర వైపు చూసింది. ఆ పెదవులు కదలడం లేదని చూడ్డానికి ఆవిడకీ కళ్లున్నాయి కదా. నా మీదుగా వంగి, అక్క మొహంలోకి చూసి, "తలుపేసినాను గానీ గడియెట్టనేదే అమ్మా" అంది. అక్క భోరుమంది. వాళ్ల చేతుల మధ్య నేను నలిగిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ముందు నడిచారు, నేను వెనక. ఆ తర్వాతా నన్ను ప్రేమగానే చూసేవారు. కబురు చెప్పమని మాత్రం ఎవరూ పిలవలేదు. మా గుమ్మంలో కూర్చుని చాలా సాయంత్రాలు ఏడ్చాను.

ఇప్పటికీ మాటలు మానేసిన వాళ్లు ఎక్కడ కనబడినా వెళ్లి మధ్యలో కూర్చుంటాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోగానే లేచి వచ్చేస్తాను. కూర్చోవడం ఆ అక్క నేర్పింది. లేచి రావడం నాకు నేనే నేర్చుకున్నాను, అది మాత్రం ఈ వయసులోనూ సులువు కాలేదు.