మేక నాకేసిన ప్రజాతి

నాకు రావలసిన ఉద్యోగాన్ని ఒక మేక నాకేసింది. నమ్మరా? పంతొమ్మిదివందల ముప్పైల మొదట్లో, విరుదునగర్ నేతవీధిలో, పట్టపగలు పదిమందీ చూస్తుండగా జరిగిన ఘోరమిది.

అప్పుడు నేను వృక్షశాస్త్రం చదివి, చచ్చినా మగ్గం గుంటలో కాలు పెట్టనని భీష్మించుకున్న ఇరవై రెండేళ్ల మేధావిని. కోవిల్‌పట్టిలో మకాం పెట్టిన ఒక ప్రొఫెసరుగారు, రాళ్లమీద పెచ్చుకట్టే లైకెన్లను వర్గీకరిస్తున్నారు. లైకెన్ అంటే బూజూ నాచూ కలిసి కాపురం చేసే ప్రాణి. ప్రజాతి అంటే దగ్గరి జాతులన్నిటికీ ఇంటిపేరు లాంటిది.

"కొత్త ప్రజాతిని తెచ్చినవాడే నా సహాయకుడు," అన్నారాయన.

కళుగుమలై కొండంతా గోకాను. గోళ్లు అరిగాయిగాని ఏమీ దొరకలేదు. చివరికి మా అత్త ఇంటిముందే దొరికింది! బండమీద తెల్లటి పెచ్చు, బీటలు వారి ఉంది. ఓ మూల అయోడిన్ చుక్క వేశాను. నీలం! కొన్ని లైకెన్లకు అదొక గుర్తని పుస్తకంలో ఉంది. సూక్ష్మదర్శినిలో కూడా చూడాలని తర్వాతి పేజీలో ఉందట, ఆ పేజీ నేను తిప్పలేదు. నేను పట్టిన కుందేలుకు మూడు కాళ్లు కూడా లేవు, బండకు అతుక్కుని ఉంది.

"ఏమ్రా, పొద్దున్నించి ఆ రాతికి కావిలి కాస్తుండావు?" అంది అత్త.

"ముట్టుకోవద్దత్తా! లోకంలో ఎవురికీ తెలీని ప్రాణి అది."

"ప్రాణియా? రేయ్, అది వొచ్చి..."

"నీకు తెల్దు, నోరెత్తక సుమ్మ ఉండత్తా!"

మూడుసార్లు ఆవిడ నోరు తెరిచింది. మూడుసార్లూ మూయించాను.

మర్నాడు, నా తంతి అందుకుని, ప్రొఫెసరుగారు రైలు దిగి వచ్చి, భూతద్దం తీసి వంగారు. ఆయనకంటే ముందు ఒక మేక వంగింది. నాలుగు నాకులకు సగం ప్రజాతి మాయమైంది.

"మేకలకు లైకెన్ అంటే ఇంత ఇష్టమా?" అన్నారాయన.

"ఆకలిమీద ఉందండీ," అన్నాను చెమటలు కారుస్తూ.

"అది దినమూ వొస్తాది సామీ," అంది అత్త. "పావు నూలుకు, అదే పడుగుకు, పూసినంక మిగిలిన గంజి ఈ రాతిమిందదా పోస్తా. ఎండి పెచ్చు కట్టింది. మూడుతూర్లు చెప్ప వొస్తే ఈడు విన్లా."

గంజిలో ఉండేది పిండి. పిండిమీద అయోడిన్ పడితే నీలం కాక ఇంకేమవుతుంది? పుట్టినప్పటినుంచీ ఆ గంజి వాసనలోనే పెరిగినవాణ్ణి! సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రొఫెసరుగారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "ఉద్యోగం మీ అత్తగారికే ఇవ్వాలయ్యా. అయోడిన్ లేకుండానే వర్గీకరించారు."

"నాకెందుకు సామీ ఉద్యోగం? నాకు గంజి పూసేదానికి ఒక ఆళుదా, మనిసిదా కావాల," అంటూ అత్త నా చేతిలో కుంచె పెట్టింది.

ఆ కుంచె మీద ఒట్టేసి ఇదే నా ప్రతిజ్ఞ: ఇకమీదట ఏ పెచ్చుకైనా లాటిన్ పేరు పెట్టేముందు, అత్తను మాట పూర్తి చేయనిస్తాను.