కరువుకు చావని పురుగు

మా అమ్మ చివరి ఏండ్లలో వెలుతురు చూడలేదు. రెప్పల లోపల గరుకు పొక్కులు లేచి, రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి, కంటిగుడ్డును గీకి గీకి తెల్లబరిచినాయి. ఆ వెంట్రుకలను చిమ్టాతో పీకే పని నాది. "దుమ్ము ఊరప్పా, కండ్లు పోక ఏమైతాయి" అనేవాళ్లు చూడవచ్చినవాళ్లు. దుమ్మట! అప్పుడే నాకు ఒళ్లు మండేది. అదే దుమ్ములో పుట్టి పెరిగినవాళ్లలో ఎంతమందికి కండ్లు దివిటీల మాదిరి లేవు? ఐదో తరగతితో బడి వదిలి డోన్‌లో కిరాణా అంగడి పెట్టుకున్నవాణ్ణి, ఈ ఒక్క ప్రశ్న కోసం గ్రంథాలయం మెట్లెక్కడం మొదలుపెట్టినాను. దుమ్ము కాదు, కంటికి కనబడని పురుగు చేసే పని అని, దాని పేరు క్లామిడియా అని తెలిసేసరికి అమ్మ లేదు.

ఆ పేరు మళ్లీ ఎన్నో ఏండ్లకు మా మనవరాలి రిపోర్టులో కనబడింది.

మనవరాలిని కోయిలకుంట్లలో ఇచ్చినాం. వాళ్లది ఎరువులూ పురుగుమందులూ అమ్మే అంగడి. పెండ్లై కొన్నేండ్లయినా కడుపు పండలేదు. పైగా పొత్తికడుపులో నొప్పి. మా ఇండ్లలో ఒక పద్ధతి ఉంది: కోడలికి జబ్బు చేస్తే పుట్టింటికి పంపుతారు. మందూ మాకూ పుట్టింటివాళ్లే చూడాలి, బాగుచేసి తిరిగి దిగబెట్టాలి. ఆ ప్రకారం పిల్ల డోన్‌కు వచ్చేది, కర్నూలులో డాక్టరమ్మకు చూపించేవాళ్లు, మాత్రలు మింగేది, నొప్పి తగ్గేది, అత్తగారింటికి పోయేది. కొన్నాళ్లకు మళ్లీ అదే నొప్పి. మహానంది తీసుకుపోయి కోనేట్లో మునకలు కూడా వేయించినారు. చివరికి వియ్యపురాలు ఫోన్‌లో కబురు పెట్టింది: "మీ పిల్ల ఒంట్లోనే ఏదో ఉండాది. ఈసారి ఆడనే పెట్టుకోండి. మావానికి వేరే సంబంధం చూస్తాండాం."

నేను ఇంక ఊరుకోలేదు. మనవరాలిని వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కినాను.

"మా అమ్మ కండ్లు తిన్నదీ ఇదేనా తల్లీ?" అని అడిగినాను డాక్టరమ్మను.

"అదే జాతి తాతా, రకం వేరే" అన్నది ఆమె. ముసలోనికి ఎందుకులే అనకుండా విడమరిచి చెప్పింది. పురుగు మన కణం లోపల కాపురం పెడుతుందట. దాన్ని చంపడానికి శరీరం దానికి కావలసిన ఒక పోషకాన్ని తగ్గించేస్తుంది, కరువు పెడుతుందన్నమాట. కంటి రకానికి ఆ పోషకం తయారుచేసుకునే జన్యువు చెడిపోయింది. గర్భద్వారంలో చేరే రకానికి మాత్రం ఆ జన్యువు చెక్కుచెదరలేదు. చుట్టూ ఉండే వేరే సూక్ష్మజీవులు పారేసిన దానితోనే తన తిండి తాను వండుకుంటుంది. కరువులో గంజి కాచుకుని నిలబడే రాయలసీమ మనిషి మాదిరి! నాకు ఆ పురుగు మీద ఒక క్షణం గౌరవం కూడా కలిగింది. తర్వాత అది గర్భనాళాల దాకా ఎక్కి, మచ్చలు పెట్టి, దారి మూసేస్తుందని చెప్పింది. గౌరవం పోయింది.

"మందుకు చస్తుంది తాతా. కానీ పోయినసారి భర్తకు కూడా మాత్రలు రాసిచ్చినాను గదా, మింగినాడా?"

మనవరాలు తల వంచుకున్నది. "మా అమ్మ పంపొద్దన్నది. అల్లునికి పుట్టింటి నుంచి మందు పంపితే మర్యాద కాదని..."

మర్యాద! ఒక ఆడపిల్ల బతుకు బజారున పడుతుంటే, మాత్రలు మా ఇంటి బీరువాలో మర్యాదగా కూర్చున్నాయి.

కొత్తగా రాయించుకున్న మాత్రలు జేబులో పెట్టుకుని నేరుగా కోయిలకుంట్ల పోయినాను. అంగట్లో మనవరాలి మొగుడు ఒక పత్తి రైతుకు మందు డబ్బా ఇస్తూ చెబుతున్నాడు: "నువ్వొక్కనివే కొడితే లాభం లేదప్పా. గట్టు అవతలోనికీ చెప్పు. ఇద్దరూ ఒకేసారి కొట్టాల. లేదంటే ఆడి పురుగు మళ్లీ ఈడికే వస్తాది."

రైతు పోయేదాకా ఆగి, మాత్రలు గల్లాపెట్టె మీద పెట్టినాను. "నాయనా, ఇప్పుడు చెప్పినావే, అదే మాట. నీ పెండ్లాం మందు కొట్టుకుంటాంది. గట్టు అవతలోనివి నువ్వు."

లోపలి నుంచి వియ్యపురాలు వచ్చింది. "మగపిల్లోనికి ఆడోళ్ల మందేంది పెద్దాయనా? మావాడు గుండ్రాయి మాదిరి ఉండాడు."

"ఆడ ఒళ్లో మగ ఒళ్లో పురుగు చూసుకుంటాదా తల్లీ? మగోనిలో శానాసార్లు సద్దు చేయకుండా కూర్చుంటాది. చేటంతా ఆడదానికి."

"అంటే నా కొడుకే తెచ్చినాడంటావా?"

"ఎవరినీ అనను. ఏండ్లకేండ్లు తెలియకుండా ఉంటాదని డాక్టరమ్మే చెప్పింది. దొంగ ఏ వాకిట్లో దూరినాడని పంచాయతీ పెడితే దొంగ లోపలనే ఉంటాడు. ముందు తరుముదాం."

ఆమె ఇంకేదో అనబోయింది. అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టినాడు. "అమ్మా, ఊరందరికీ నేను చెప్పేదే తాత నాకు చెప్తాండాడు." అక్కడే చెంబెడు నీళ్లు తెప్పించుకుని మింగినాడు. డాక్టరమ్మ చెప్పినట్టు మందు పని పూర్తయ్యేదాకా భార్యాభర్తలు దూరంగా ఉన్నారు. తర్వాత ఇద్దరూ కలిసే కర్నూలు పోయి పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరిలోనూ పురుగు లేదు. ఒక నాళం మూసుకుపోయింది, రెండోది తెరిచే ఉంది. అది చాలన్నది డాక్టరమ్మ.

చాలింది కూడా. మొన్న ఎండాకాలంలో మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. వేరే సంబంధం మాట ఎత్తిన వియ్యపురాలే ఇప్పుడు బంధువుల ఇండ్లలో కోడలికి జబ్బంటే, "కొడుకునూ తోలుకపోండి ఆస్పత్రికి" అని గద్దిస్తోందట. గద్దించనీ! నాకంటే ఆమె గొంతే పెద్దది.

తల్లి ఒంట్లో ఆ పురుగుంటే కాన్పులో బిడ్డ కండ్లకూ అంటుకోవచ్చని నేను చదివి ఉన్నాను. అందుకని బిడ్డను చేతికివ్వగానే వాకిట్లోకి, వెలుతురులోకి తెచ్చి, ముఖం మీద ముఖం పెట్టి చూసినాను.

"ఏం తాతా, ఎవరి పోలికని వెతుకుతాండావు?" అని నవ్వింది మనవరాలు.

పోలిక కాదు. ఎర్రగా లేవు, పుసి లేదు. రెండు కండ్లూ కడిగిన నేరేడు పండ్ల మాదిరి ఉన్నాయి. ఎండకు చిట్లించి, మళ్లీ తెరిచి, నా వైపే చూసింది మా అమ్మ ముని మనవరాలి బిడ్డ.