అత్తగారు పాస్ చేసిన అక్షరాలు

మా ఆయన అక్షరాలు తయారుచేస్తారు. ఈ మాట చెబితే అందరూ నన్ను ఎగాదిగా చూస్తారు. అక్షరాలు ఎప్పట్నించో ఉన్నాయి గదా, కొత్తగా చేయడమేమిటని వాళ్ల అనుమానం. ఈయన చేసేది పుస్తకాల అచ్చుకు పనికొచ్చే ఫాంటు, గీతల కొసల్లో చిన్న చిన్న పాదాలుండే సెరిఫ్ రకం. ఇంత చాకిరీ చేసి దాన్ని ఊరికే ఇచ్చేస్తారట. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు.

కాకపోతే ఆయనకో పంతం ఉండేది. చూపు మందగించి మా అత్తగారు పుస్తకం ముట్టడం మానేశారు. ఆవిడ హాయిగా చదివితే తప్ప ఫాంటు గడప దాటదన్నారు.

అందుకని ఏ అక్షరం సవరించినా ఒక కాగితం అచ్చు తీసి, సోఫాలో అమ్మ పక్కన కూర్చుని చదివించేవారు. తేడా తెలియాలని ప్రతిసారీ అదే పేరా, గొడుగు పోగొట్టుకున్న గుమాస్తా కథ. ఆవిడ గడగడా చదివేసి, "బాగుంది నాన్నా" అనేవారు. ఈయన మురిసిపోయేవారు. చివరికి, రేపే విడుదల అన్నారు.

ఆ సాయంత్రం ప్రింటర్లోంచి కాగితం తీసి అత్తగారికిచ్చింది నేనే. ఆవిడ గొడుగు కథ మొదలుపెట్టారు. తీరా చూస్తే నేను పొరపాటున ఇచ్చిన ఆ కాగితం మీదున్నది వాషింగ్ మెషీన్ వాడే విధానం. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, నీకు కనబడటం లేదా?"

"మసగ్గా కనబడుతుందిరా. బాగాలేదంటే మొహం వేలాడేసుకుని ఆ గదిలోకి పోతావు. బాగుందంటే కాసేపు నా పక్కన కూర్చుంటావు."

నా నవ్వు ఆగిపోయింది. ఎంత జాలేసిందో చెప్పలేను. ఆయన విడుదల మానుకుని మళ్లీ మొదటికొచ్చారు. వెంట్రుకల్లాంటి గీతలకు కండ పట్టించారు, అక్షరాల పొట్టల్లో ఖాళీ పెంచారు. రోజూ కొత్త పేరా రాసే పని నా నెత్తిన పడింది. కథలు నాకెక్కడివి? మనసులో ఉన్నదే రాసి పారేశాను. అత్తగారు ఇప్పుడు మొహమాటపడలేదు. "చీమలు పాకినట్టున్నాయి, తీసుకుపో" అనేవారు. ఈయన మాత్రం లేచి వెళ్లకుండా అక్కడే కూర్చుని, ఏది చీమో అడిగేవారు.

ఒక పొద్దున ఆవిడ కాగితం అందుకుని, పెదవులు కదిపి, గబుక్కున తలెత్తారు.

"కోడలు కూరలో ఉప్పెక్కువేసిందని పక్కింటావిడతో నేనెప్పుడన్నానే?"

నేను వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"ఇంకోసారి చదువమ్మా."

"చదవను. ముందు నీ పెళ్లాన్ని జవాబు చెప్పమను."

ఫాంటు ఆ రోజే లోకం మీద పడింది. దానితోపాటు పంపిన నమూనా పేజీ ఏదనుకున్నారు? ఆ ఉప్పు పేజీయే. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా, ఇంతకీ ఆవిడ నిజంగా అన్నారా అని అడుగుతున్నారు.

నిన్న అత్తగారు కొడుకుని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చేతిలో ఒక కాగితం ఉంది.

"నా జవాబు రాసిపెట్టాను. ఇదే ఫాంటు లావు అక్షరాల్లో చెయ్యి. వంటింట్లోంచి దానికి కనబడాలి."