అచ్చుకు ముందు చూపించాల్సిన బొమ్మ

కొత్త దుప్పటి మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఈ వాసన తగిలితే నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. జగిత్యాలలో ఎకనామిక్స్ లెక్చరర్‌గా రిటైరై, ఇంటి ముందుగదిలోనే చిన్న మాసపత్రిక నడిపేవారు. ఏం కొనాలి, ఎంతలో బతకాలి, మన వాడకం ఎవరి మీద పడుతుంది అన్నవే అందులో వ్యాసాలు. నేను కోరుట్ల నుంచి వెళ్లి వాటికి బొమ్మలు వేసేదాన్ని. ఆవిడ ఒక్కసారైనా మెచ్చుకున్న గుర్తు లేదు. బొమ్మలో ఎవరి పని ఉందో వాళ్లకు చూపించకుండా అచ్చుకు పంపేవారు కాదు. ఇదేం చాదస్తం అనుకునేదాన్ని.

తక్కువ బట్టలతో బతకడం గురించి ఆవిడే రెండు నెలలు కూర్చుని ఒక వ్యాసం రాశారు. నా మొదటి ముఖచిత్రం దానికే. ఆగిన మరమగ్గం, దాని పక్కన కాళ్లు చాపుకుని నవ్వుతున్న కార్మికుడు. అట్ట మీద నా బొమ్మ చూసుకోవాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. మేడం బొమ్మను సంచిలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కారు.

గంజి వాసన నిండిన షెడ్డులో రాజేశం అనే నేత కార్మికుడు చేతులు తుడుచుకుని బొమ్మ అందుకున్నాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు.

"సాంచ బందున్నది గదా. మరి గీ మనిషెందుకు నవ్వుతున్నడు?"

"రెస్టు తీసుకుంటున్నడు" అన్నాను.

"సాంచ బందైన దినం కూలి లేకుండ ఇంటికి పోవుడే కష్టం బిడ్డా. నవ్వెట్లస్తది?"

మేడం బొమ్మ వెనక్కి తీసుకుని అడిగారు. "అందరం బట్టలు తక్కువ కొనాలె అని రాసిన. గట్లయితే నువ్వేం జెయ్యాలె రాజేశం?"

"నన్నడుగుతున్నరా మేడం? రాసేది మీరాయె."

తిరుగు బస్సులో వేములవాడ దాటాం. మొహం ఒక్కటీ మార్చి ఇస్తానని అన్నాను. "నా వ్యాసంల రాజేశమే లేడు. లేనోణ్ని నువ్వెట్ల గీస్తవు?" అన్నారు మేడం. ఆ నెల వ్యాసమూ రాలేదు, నా ముఖచిత్రమూ రాలేదు. వారం రోజులు ఆవిడ మీద అలిగాను. తర్వాతి నెల వ్యాసం మళ్లీ రాశారు. రాజేశం సంగతికి తన దగ్గర జవాబు లేదని అందులోనే ఒప్పుకున్నారు. తెగిన పోగు ముడేస్తున్న రాజేశాన్ని గీశాను. వేళ్లు అలా ఉండవని అతను చూపిస్తే, దిద్దాకే అచ్చుకు వెళ్లింది.

మేడం పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో కూర్చునే హైదరాబాదు పత్రికలకు బొమ్మలు పంపుతున్నాను. కిందటి నెల తొందర లేని జీవితం గురించి ఒక వ్యాసం బొమ్మ కోసం నా దగ్గరికి వచ్చింది. మా ఎదురింటి లచ్చవ్వ అరుగు మీద బీడీలు చుడుతున్నట్టు వేశాను. చల్లటి నీడ, మొహంలో ప్రశాంతత. సాయంత్రంలోగా కావాలన్నారని ఎవరికీ చూపకుండా పంపేశాను. బాగుందని చాలామంది ఫోన్ చేశారు.

పత్రిక వచ్చి నాలుగు రోజులైంది. లచ్చవ్వ రోజూ కనిపిస్తూనే ఉంది, వెయ్యి బీడీల లెక్క తీరేదాకా తల ఎత్తకుండా చుడుతూనే ఉంది. ఒక్క బొమ్మ కోసం మేడం సిరిసిల్ల దాకా వెళ్లారు. నేను ఆ పత్రిక పట్టుకుని వీధి దాటలేకపోతున్నాను.