బావమరిది చెప్పిన కాలిపర్

చక్రం కనిపెట్టినవాడి గొప్పతనం గురించి రాసిన పుస్తకాలు కొండంత ఉన్నాయి. తిరిగే చక్రాన్ని ఆపడం కనిపెట్టినవాడి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ అన్యాయానికి కళ్ళజోళ్ళ షాపాయన కూడా తన వంతు చేర్చాడు. సొంత చేతులతో రోడ్ బైకు కడతానని అందరికీ చాటి, కార్బన్ ఫ్రేమూ, గేర్లూ, చక్రాలూ సమకూర్చుకుని, బ్రేకుల సంగతి చిట్టచివరికి వదిలేశాడు. ఆయన పనితనం ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆగిపోయిన గోడ గడియారం, వేడెక్కని ఇస్త్రీపెట్టె, తలుపు మూతపడని బీరువా, అన్నీ ఆయన బాగుచేసినవే.

"ఫ్రేములతోనే కదా నా బతుకు! సైకిలు ఫ్రేముకి ఏమన్నా కొమ్ములుంటాయా?" అన్నాడు భార్యతో.

"కొమ్ములుండవు గానీ బ్రేకులుంటాయి. మా తమ్ముణ్ణి అడగండి. వాడిదీ ఇదే ఫ్రేము."

అక్కడే వచ్చింది చిక్కు. ఆ తమ్ముడు సైకిలు క్లబ్బులో అందరికంటే వేగంగా కొండ దిగుతాడు. వచ్చే ఆదివారం తన చేత్తో కట్టిన బండి మీద వాడికంటే ముందు దిగి చూపిస్తానని ఈయన క్లబ్బు మొత్తం ముందు మీసం మెలేశాడు. ఇప్పుడు వెళ్ళి వాణ్ణే సలహా అడగడమా? తల కొట్టేసినట్టుండదూ!

అడక్కపోయినా వాడు చెప్పనే చెప్పాడు. షాపుకొచ్చి, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, "బావా, నీ బ్రేక్ లీవరు ఏ కంపెనీదో కాలిపరూ ఆ కంపెనీదే తీసుకో. కళ్ళు మూసుకుని బిగించెయ్యొచ్చు" అన్నాడు.

"కళ్ళు మూసుకుని చేసే పని నా షాపులో ఉండదురా."

అంతే, ఆ కంపెనీ కాలిపర్ ఆయనకు నిషిద్ధమైపోయింది. లోకంలో సగం పొరపాట్లు తెలియక జరిగేవి కావు. సరైన మాటను తనకు గిట్టనివాడు ముందుగా అనేయడం వల్ల జరిగేవి. అలా రాజ్యాలే కూలాయి, సైకిలెంత!

కాలిపర్ అంటే ఇరుసు దగ్గర తిరిగే పలచని డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే పట్టకారు. మొదట తెప్పించినవాటికి బోల్టు చెవులు పొడుచుకుని ఉన్నాయి. ఫ్రేము మీదేమో చదునుగా అంటుకుని కూర్చునే రకానికే చోటుంది. "ఫ్రేము చేసినవాడికి బుర్ర లేదు" అని తీర్పిచ్చాడు. రెండోసారి చదును రకమే వచ్చింది గానీ, రెండూ ముందు చక్రానివే. "అమ్మినవాడికి బుర్ర లేదు." మూడో జత, ఇంకో కంపెనీది, ముద్దొచ్చేలా కూర్చుంది. బుర్ర లేనివాళ్ళు అక్కడితో అయిపోయారనుకున్నాడు.

కానీ కాలిపర్లకు ఆకారమే కాదు, ఆహారమూ వేరే. హ్యాండిల్ మీది లీవరు నొక్కితే, గొట్టంలోని నూనె తోసుకెళ్ళి కాలిపర్‌ను బిగిస్తుంది. కొన్ని కంపెనీలవి మినరల్ ఆయిల్‌తో పనిచేస్తాయి, కొన్ని కార్లలో పోసే బ్రేక్ ఫ్లూయిడ్‌తో. ఆయన లీవర్లు మొదటి రకం, కాలిపర్లు రెండో రకం. ఆ ముక్క పెట్టె మీద రాసే ఉంది. చీమ తలకాయంత అక్షరాలు లోకం చేత చదివించి బతికే మనిషి దాన్ని చదివి, "ఏదైతేనేం, నూనేగా" అని లీవర్ల నూనె నింపాడు. వీధిలో తొక్కి చూస్తే బ్రేకు వెన్నలా పట్టింది. భార్యను గుమ్మంలోకి పిలిచి మరీ చూపించాడు.

"బాగానే ఆగింది. మళ్ళీ కదులుతుందా?" అందామె.

పడని నూనెలో నానిన లోపలి రబ్బర్లు ఆదివారానికి ఉబ్బిపోయాయి. కొండ ఎక్కుతుంటే, నొక్కకపోయినా బ్రేకు వదలడం లేదు. ఆయన పళ్ళబిగువున తొక్కాడు. బొజ్జలవాళ్ళు కూడా దాటిపోయారు. బావమరిది పక్కకొచ్చాడు.

"బావా, డిస్కు గీసుకుంటోంది. నాకు వినిపిస్తోంది."

"కావాలనే అలా పెట్టాన్రా. కాళ్ళకు కసరత్తు."

పైకి చేరేసరికి డిస్కు ముట్టుకోలేనంత వేడెక్కింది, ఆయన మొహం అంతకంటే. అందరూ బాణాల్లా దిగిపోయారు. "కాస్త గాలి పీల్చుకుని వస్తా" అని ఆయన ఆగిపోయాడు. వాళ్ళు కనుమరుగయ్యాక చూస్తే వెనక చక్రం ఇక తిరగనని మొండికేసింది. బండిని భుజానికెత్తుకుని నడక మొదలెట్టాడు. మొదటి మలుపులోనే పిట్టగోడ మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. నవ్వలేదు. దానికే ఈయనకు ఇంకా మండింది.

ఇద్దరూ నడిచారు. కొంత దూరం పోయాక ఈయన గొంతు సవరించుకున్నాడు.

"అవున్రా, ఏ బ్రేకులో ఏ నూనె పొయ్యాలి? నీకు తెలుసో లేదో చూద్దామని అడుగుతున్నా."

వాడు రబ్బరు దగ్గర్నుంచి ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఈయన భుజం మార్చుకుంటూ, మధ్యమధ్య "ఊఁ, కరెక్టే" అంటూ, కొండ కింది దాకా వాడికి మార్కులు వేస్తూనే దిగాడు.